పలక లండన్‌లో, స్తంభం చెన్నైలో: అమరావతి స్తూపాన్ని తెర మీద చదవడం ఎలా

కృష్ణ ఒడ్డున అమరావతిలో మహాస్తూపం చూడటానికి వెళ్తే కనిపించేది గుండ్రటి దిబ్బ, దాని చుట్టూ నిలబెట్టిన కొన్ని రాతి పలకలు. స్తూపం ఒంటిమీద ఉండాల్సిన శిల్పమంతా లండన్ బ్రిటిష్ మ్యూజియం, చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం, అమరావతిలోనే ఉన్న సైట్ మ్యూజియం పంచుకున్నాయి. పారిస్‌లోని గిమే మ్యూజియం లాంటి చోట్ల మరికొన్ని ముక్కలున్నాయి. ఊళ్లన్నీ తిరిగినా ఈ ముక్కల్ని పక్కపక్కన పెట్టి చూడటం ఎవరి తరమూ కాదు. కంప్యూటరు తెర మీద మాత్రం కుదురుతుంది. కావలసింది మామూలు ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, ఇంకాస్త ఓపిక. ఇక్కడ చెప్పే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి విద్యార్థి డబ్బు కట్టక్కర్లేదు. నాగార్జునకొండ పలకలకైనా రామప్ప గుడికైనా పద్ధతి ఇదే, వెతికే చోట్లే మారతాయి.

మొదట నంబరు, తర్వాతే బొమ్మ

చాలామంది గూగుల్ చిత్రాల్లో 'అమరావతి శిల్పం' అని వెతికి, బాగున్నవన్నీ ఒక ఫోల్డర్లో పడేస్తారు. నెల తిరిగేసరికి అందులో 200 ఫోటోలుంటాయి. ఏది ఏ మ్యూజియంలోదో, రెండు ఫోటోలు ఒకే పలకవో వేర్వేరు పలకలవో తేల్చడం కుదరదు. ఆ ఫోల్డరు చూసుకోవడానికి బాగుంటుంది గానీ చదువుకు పనికిరాదు. మ్యూజియంలో ఉన్న ప్రతి రాయికీ ఒక నమోదు సంఖ్య ఉంటుంది. మన పనంతా ఆ సంఖ్య చుట్టూ తిరగాలి. సంఖ్య దొరకని ఫోటోను వేరే ఫోల్డర్లో పెట్టండి, దాని మీద ఏ వాదనా కట్టొద్దు.

ఉదాహరణకి బ్రిటిష్ మ్యూజియంలో ఒక పలక సంఖ్య 1880,0709.79. ఇందులో 1880 సంవత్సరం, 07 నెల, 09 తేదీ, 79 ఆనాటి పట్టీలో వరుస సంఖ్య. అంటే 1880 జులై 9న నమోదైన వాటిలో 79వది. ఈ తేదీని తవ్వకం తేదీ అనుకుని వ్యాసాల్లో రాసేవాళ్లున్నారు, అది తప్పు. మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వింది 1845లో. రాళ్లు మద్రాసు చేరి అక్కడ ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. 1859లో ఓడెక్కి లండన్ వెళ్లాయి. అక్కడ ఇండియా మ్యూజియం చేతుల్లోంచి బ్రిటిష్ మ్యూజియానికి వచ్చినప్పుడు పడిన తేదీ ఇది. అమరావతి రాళ్లు చాలావాటికి ముందుభాగం 1880,0709 అనే ఉంటుంది కాబట్టి, ఈ ఒక్క ముక్క గుర్తుంటే వెతుకులాట సగం తేలికవుతుంది.

బ్రిటిష్ మ్యూజియం సైట్లో 'కలెక్షన్' పేజీ తెరిచి వెతుకుడు పెట్టెలో సంఖ్యను ఉన్నదున్నట్టు కొట్టండి. 1880 తర్వాత కామా, 0709 తర్వాత చుక్క, మధ్యలో ఖాళీ ఉండకూడదు. పేజీ తెరుచుకోగానే బొమ్మ దింపుకోవడానికి తొందరపడొద్దు. ముందు కిందికి వెళ్లి వివరాలు చదవండి: రాయి ఏది, కొలతలెంత, దొరికిన చోటు ఏది, ఎవరి ద్వారా వచ్చింది. క్యురేటర్ వ్యాఖ్య ఉంటే అదీ చదవండి. అన్నిటికన్నా విలువైనది 'బిబ్లియోగ్రాఫిక్ రెఫరెన్సెస్' అనే భాగం. 1954లో బారెట్, 1992లో నాక్స్ అచ్చు వేసిన కేటలాగుల్లో ఈ రాయి వరుస సంఖ్య ఎంతో అక్కడ ఉంటుంది. వ్యాసాలు రాసేవాళ్లు ఒకరు మ్యూజియం సంఖ్య వాడతారు, మరొకరు నాక్స్ సంఖ్య వాడతారు. రెండూ మీ దగ్గర లేకపోతే ఒకే రాయి గురించి ఇద్దరు మాట్లాడుతున్నారని తెలియకుండానే పేజీలు తిప్పేస్తారు.

ఈ 79వ పలకనే కాస్త దగ్గరగా చూద్దాం. దీనికి రెండు వైపులా చెక్కడం ఉంది. ఒక ముఖం మీద బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం ఉంటారు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపని కాలం నాటి పని, క్రీస్తుపూర్వం 1వ శతాబ్దానికి చెందుతుంది. తర్వాత రాయిని తిప్పి రెండో ముఖం మీద నిండైన స్తూపాన్ని చెక్కారు, అది క్రీస్తుశకం 3వ శతాబ్దపు పని. సంఖ్య ఒకటే, ముఖాలు రెండు, మధ్యలో దాదాపు మూడు నాలుగు వందల ఏళ్లు! ఇంటర్నెట్లో ఈ రెండు ముఖాల ఫోటోలూ వేర్వేరు పలకల్లా తిరుగుతుంటాయి. ఒక ముఖం తేదీ ఇంకో ముఖం కింద పడటం మామూలే. అందుకే మీ పట్టికలో సంఖ్య పక్కన 'ముఖం' అని ఇంకో గడి ఉండాలి.

వెతకడానికి ఏ మాటలు కొట్టాలి

ఇంగ్లిషులో అమరావతి అని కొడితే ముందు రాజధాని వార్తలొస్తాయి, తర్వాత మహారాష్ట్రలోని అమరావతి వస్తుంది. ఊరి పేరుతో పాటు 'స్తూప' గానీ 'లైమ్‌స్టోన్' గానీ చేర్చండి. పాత పుస్తకాల్లో స్పెల్లింగు ఇంకా ఘోరం. ఎమ్ తర్వాతి 'ఏ' ఎగిరిపోయి అమ్రావతి అని ఉంటుంది, 1816 నుంచి ఇక్కడి రాళ్ల బొమ్మలు గీయించిన కాలిన్ మెకెంజీ కాలపు కాగితాల్లో 'డబ్ల్యూయూటీటీవై'తో ముగిసే రూపాలుంటాయి. ధరణికోట, ధాన్యకటకం, దీపాలదిన్నె పేర్లతో కూడా విడివిడిగా వెతకాలి. దీపాలదిన్నె అన్నది స్తూపపు దిబ్బకు ఆ ఊరివాళ్ల పేరు.

రాయి పేరు దగ్గరా ఒక చిక్కుంది. 19వ శతాబ్దం దొరలు దీన్ని పాలరాయి అనుకుని 'అమరావతి మార్బుల్స్' అన్నారు. నిజానికిది పల్నాడు సున్నపురాయి. పాత కాగితాల్లో మార్బుల్ అనీ, ఇప్పటి నమోదుల్లో లైమ్‌స్టోన్ అనీ వెతకండి.

స్తూపపు భాగాలకు మన పుస్తకాల్లో మేధి (అడుగున ఉండే గుండ్రటి దిమ్మె), అండం (దానిమీది గోపురం), హర్మిక (అండం కొసన ఉండే చదరపు కంచె), వేదిక (స్తూపం చుట్టూ ఉండే రాతి కంచె), సూచి (కంచె స్తంభాల మధ్య అడ్డరాయి), ఉష్ణీషం (ఆ స్తంభాల మీద పేర్చిన రాయి), ఆయక స్తంభాలు (నాలుగు దిక్కులా మేధి దగ్గర నిలిపేవి) అని పేర్లు. మ్యూజియం సైట్లకు ఇవి చాలావరకు అర్థం కావు. మేధి పలకకు 'డ్రమ్ స్లాబ్', అండం మీది పలకకు 'డోమ్ స్లాబ్', వేదిక స్తంభానికి 'రెయిలింగ్ పిల్లర్', సూచికి 'క్రాస్‌బార్', ఉష్ణీషానికి 'కోపింగ్' అని కొట్టాలి. ఈ జతల్ని ఒక కాగితం మీద రాసి తెర పక్కన అంటించుకోండి. తెలుగు మాట అర్థం దగ్గర అనుమానం వస్తే ఆంధ్రభారతి సైట్లో నిఘంటు శోధన ఉంది, చాలా నిఘంటువుల్ని ఒకేసారి వెతికిపెడుతుంది.

చెన్నై రాళ్ల విషయంలో ఇంత సుఖం లేదు. లండన్ సైట్లా సంఖ్య కొడితే రాయి వచ్చే వసతిని నమ్ముకోకుండా, శివరామమూర్తి 1942లో మద్రాసు మ్యూజియం కోసం తయారుచేసిన కేటలాగును పట్టుకోవడమే దారి. స్కాన్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో (పాత పుస్తకాల స్కాన్లు ఉంచే ఉచిత సైటు) దొరుకుతుంది. దానికి తోడు ఫోటోలు కావాలంటే అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వారి గురుగ్రామ్ ఫోటో భండారం, హంటింగ్టన్ ఆర్కైవ్, వికీమీడియా కామన్స్ చూడండి. నాగార్జునకొండ మీద పనిచేసేవాళ్లకు కేంద్ర ప్రభుత్వపు 'మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా' పోర్టల్ ఉంది. అందులో నాగార్జునకొండ మ్యూజియం, హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం రెండూ చేరాయి.

పట్టిక, ఫైళ్ల పేర్లు

ఎక్సెల్ గానీ లిబ్రెఆఫీస్ గానీ తెరిచి, ఒక రాయి ముఖానికి ఒక వరుస చొప్పున పెట్టండి. గడులు: మ్యూజియం, సంఖ్య, ముఖం, స్తూపంలో ఏ భాగం, ఎత్తు, వెడల్పు, మందం, కేటలాగు సంఖ్యలు, పాత పుస్తకంలో ప్లేటు (బొమ్మల పేజీ) సంఖ్య, శాసనం ఉంటే దాని సంఖ్య, ఫోటో ఫైలు పేరు, ఫోటో హక్కులు, పేజీ చూసిన తేదీ.

ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. సంఖ్యల గడిని ముందే 'టెక్స్ట్' ఫార్మాట్‌లోకి మార్చకుండా 1880,0709.10 అని కొడితే, ఎక్సెల్ దాన్ని మామూలు అంకె అనుకుని కామా తీసేసి, చివరి సున్నా కొట్టేసే ప్రమాదముంది. మీ పదో రాయి కాస్తా ఒకటో రాయి అయి కూర్చుంటుంది. ఎర్ర గీత పడదు, హెచ్చరిక రాదు. నెలల తర్వాత కొలతలు సరిపోకపోతే గానీ తెలియదు. గడి మొత్తాన్ని ఎంచుకుని టెక్స్ట్ చేశాకే మొదటి సంఖ్య కొట్టండి.

ఫైలు పేరులో కామాలు, చుక్కలు, స్లాష్‌లు వద్దు. 'BM_1880-0709-079_mukham2_01' ఇలా పెట్టండి. 79ని 079 అని మూడంకెల్లో రాయడం వల్ల ఫోల్డర్లో వరుస చెడదు. లేకపోతే కొన్ని చోట్ల 9 తర్వాత 10 కాకుండా, 1 తర్వాత 10, 100 వచ్చి కూర్చుంటాయి. ఇంకో మాట, పేర్లు రోమన్ అక్షరాల్లోనే పెట్టండి. తెలుగు మీద ఎంత మమకారమున్నా, తెలుగు అక్షరాల ఫోల్డరు పేరు చూసి చదవలేక ఆగిపోయే 3డి సాఫ్ట్‌వేర్లు ఇంకా ఉన్నాయి.

ఫోటోలు వంద దాటితే ట్రాపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. పరిశోధకులు పాత కాగితాల ఫోటోలు సర్దుకోవడానికే దీన్ని చేశారు. ఒక రాయి ఫోటోలన్నీ ఎంచుకుని ఒకే అంశంగా కలపవచ్చు. ఫోటోలో కొంత భాగాన్ని గీసి దానికి విడిగా నోటు రాయవచ్చు: ఈ మూల విరిగింది, ఈ పద్మంలో ఇన్ని వరుసల రేకులు అని. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు 'స్టాండర్డ్' ఎంచుకుంటే ఫోటోల నకళ్లు ప్రాజెక్టు లోపలే ఉంటాయి. 'అడ్వాన్స్‌డ్' అయితే ఫోటోలు బయట ఎక్కడున్నాయో ఆ దారి మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఫోల్డరు జరిపారా, బొమ్మలన్నీ మాయం. పుస్తకాలు, వ్యాసాల పట్టీకి జొటేరో వాడండి. రెంటినీ ఒకదాంట్లో కుక్కొద్దు.

పాత పుస్తకాల స్కాన్లు

అమరావతికి మూడు పాత పుస్తకాలు తప్పవు: ఫెర్గుసన్ 1868 నాటిది, బర్జెస్ 1887 నాటిది, ఇందాక చెప్పిన శివరామమూర్తిది. మూడింటిలోనూ ప్రాణం ప్లేట్లలోనే ఉంది.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఒకే పుస్తకానికి నాలుగైదు స్కాన్లుంటాయి. మొదటిదే దింపుకోకుండా అన్నీ తెరిచి చూడండి. గ్రంథాలయాల్లో హడావిడిగా తీసిన స్కాన్లలో మడత ప్లేట్లను విప్పకుండానే తీసేశారు. స్తూపం పటం ఉండాల్సిన చోట మడిచిన కాగితం వీపు కనిపిస్తుంది. 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' నుంచి వచ్చిన స్కాన్లు నలుపు తెలుపుల్లోకి పిండేసి ఉంటాయి. వాటిలో అచ్చు చదవొచ్చు గానీ ఫోటో ప్లేట్లు మసిబొమ్మలే. వాటి గుర్తు ఏమిటంటే, లింకులో 'ఇన్.ఎర్నెట్.డీఎల్ఐ.2015' అని ఉంటుంది. అందులోని తెలుగు పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. శిల్పం అన్న మాటనే 'ఎస్ఐ'తో ఒకసారి, 'ఎస్‌హెచ్ఐ'తో ఒకసారి వెతకాలి. ఆంధ్ర అన్న మాటను 'ఏ' ఒకటి పెట్టి, రెండు పెట్టి వెతకాలి.

ప్లేట్ల కోసం పీడీఎఫ్ దింపొద్దు. అది కుదించిన నకలు. 'డౌన్‌లోడ్ ఆప్షన్స్'లో జేపీ2 అని పెద్ద జిప్ ఫైలు ఉంటుంది, అసలు స్కాన్‌కు దగ్గరగా ఉండేది అదే. పుస్తకం మొత్తం అయితే వందల మెగాబైట్లు ఉండొచ్చు, వైఫై మీద దింపండి. ప్లేటు సంఖ్యలు రోమన్ అంకెల్లో ఉంటాయి కాబట్టి స్కాన్ లోపలి వెతుకుడును నమ్మొద్దు, యంత్రం ఎల్‌ను ఐగా, ఎక్స్‌ను కె గా చదివేస్తుంది. పేజీలు తిప్పుకుంటూ వెళ్లడమే మేలు.

కాలిన్ మెకెంజీ మనుషులు 1816 నుంచి గీసిన చిత్రాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. రాళ్లు చెల్లాచెదురు కాకముందు, కొన్ని సున్నపు బట్టీలకు పోకముందు ఎలా ఉన్నాయో చూపే ముఖ్య సాక్ష్యం అదే. 2023 అక్టోబరులో ఆ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగాక పాత వ్యాసాల్లో ఇచ్చిన లింకులు చాలా తెగిపోయాయి. తెగిన లింకును పట్టుకెళ్లి వెబ్ పేజీల పాత నకళ్లు దాచే, ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి 'వేబ్యాక్ మెషీన్'లో వేసి, 2023కు ముందు తేదీ ఎంచుకోండి. పేజీలోని రాత, చిన్న బొమ్మ తరచూ దొరుకుతాయి. బొమ్మ చిన్నదైనా షీటు సంఖ్య తెలిస్తే చాలు, తర్వాత పెద్దది అడిగి తెప్పించుకోవచ్చు.

గీసిన బొమ్మ, మిగిలిన రాయి: రెండూ ఒకటేనా?

అసలు రుచి ఉన్న పని ఇదే. మెకెంజీ చిత్రంలో నిండుగా ఉన్న స్తంభం, ఇవాళ మ్యూజియంలో సగం ముక్కగా ఉన్న స్తంభం ఒకటేనని ఎలా తేల్చాలి?

బొమ్మలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ జింప్‌లో రాయి ఫోటో తెరవండి. 'ఓపెన్ యాజ్ లేయర్స్' తో చిత్రాన్ని దానిమీదికి తెచ్చి, పై పొర 'ఒపాసిటీ'ని 50 శాతానికి దించండి. తర్వాత 'యూనిఫైడ్ ట్రాన్స్‌ఫార్మ్' తో చిత్రాన్ని జరుపుతూ, సాగదీస్తూ రాయి మీద కూర్చోబెట్టండి. ఆనవాళ్లుగా అంచుల్ని పెట్టుకోవద్దు, విరిగినవి అవే. వేదిక స్తంభమైతే నడుమ ఉన్న నిండు పద్మం కేంద్రం, పైన కింద ఉన్న అర్ధపద్మాల మధ్యబిందువులు పెట్టుకోండి. మూడూ ఒకేసారి కూర్చుంటే ముందుకెళ్లండి. ఒకదాన్ని కూర్చోబెట్టడానికి ఇంకోదాన్ని ఎక్కువగా సాగదీయాల్సివస్తే అది వేరే రాయి అయ్యుండొచ్చు.

ఆపైన లెక్క. పద్మంలో రేకుల వరుసలు ఎన్ని, బొమ్మలో మనుషులు ఎంతమంది, ఎవరు ఎటు చూస్తున్నారు, ఎవరి చెయ్యి పైకి లేచింది. పద్మం పోలిక ఒక్కటే సాక్ష్యంగా సరిపోదు, ఆ వేదిక నిండా పద్మాలే. బలమైన సాక్ష్యం పగులు. 1816లో గీసిన మనిషి మూల దగ్గర ఒక విరుపును వంకరతో సహా గీసి ఉండి, అదే వంకర ఇవాళ రాయి మీద కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు. దానికి ఎదురు సంగతి కూడా గుర్తుంచుకోండి. గీసేవాళ్లు అరిగిపోయిన భాగాన్ని ఊహతో పూర్తిచేయడం కద్దు. చిత్రంలో ఉండి రాయి మీద లేనిదంతా తర్వాత విరిగిందే అనుకోకూడదు. పట్టికలో 'ఖాయం', 'బహుశా', 'పోలిక మాత్రమే' అని మూడు మెట్లు పెట్టుకుని ప్రతి జతకూ ఒకటి రాయండి.

స్కాన్లలో అద్దంలో చూసినట్టు ఎడమ కుడైన బొమ్మలూ తగులుతాయి. తిప్పి చూడటంలో తప్పులేదు, కానీ తిప్పినట్టు ఫైలు పేరులోనే రాయాలి.

శాసనాలు

అమరావతి రాళ్ల మీద దాతల చిన్నచిన్న శాసనాలు చాలా ఉన్నాయి. ప్రాకృత భాష, బ్రాహ్మీ లిపి. వీటికి 'ఎర్లీ ఇన్‌స్క్రిప్షన్స్ ఆఫ్ ఆంధ్రదేశ' అనే ఆన్‌లైన్ సంపుటి ఉంది, ఈఐఏడీ అని పొట్టిగా అంటారు. ప్రతి శాసనానికీ ఒక సంఖ్య ఇచ్చి, పాఠం, ఎక్కడుందో, ఇదివరకు ఎవరు ప్రచురించారో చూపిస్తుంది. రాయి మ్యూజియం సంఖ్యకూ ఈ శాసనం సంఖ్యకూ మీ పట్టికలో ముడి వేసుకోండి.

పాఠం రోమన్ అక్షరాల్లో, అక్షరాల మీద గీతలు చుక్కలతో ఉంటుంది. తెలుగులో చదువుకోవాలంటే అక్షరముఖ అనే సైట్లో ఇన్‌పుట్ ఐఏఎస్‌టీ (ఆ రోమన్ రాత పద్ధతి పేరు), అవుట్‌పుట్ తెలుగు అని పెట్టి అతికించండి. అతికించే ముందు నకలులో చదరపు బ్రాకెట్లు, ప్రశ్నార్థకాలు తీసేయాలి, లేకపోతే మాటలు ముక్కలవుతాయి. మూల పాఠంలో మాత్రం వాటిని ముట్టుకోవద్దు. బ్రాకెట్లో ఉన్న అక్షరం రాయి మీద స్పష్టంగా లేనిది, సంపాదకుడు పూరించినది. అది చెరిపేసిన పాఠం మీద వాదన నిలవదు.

తెలుగులోకి వచ్చాక 'దేయధమ' లాంటి మాట కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి. దేయధర్మం, అంటే ఇచ్చిన దానం. ప్రాకృతంలో ధర్మం ధమ్మం అవుతుంది, ఆనాటి లేఖకులు ద్విత్వం రాయరు కాబట్టి రాయి మీద 'ధమ' అనే ఉంటుంది. బ్రాహ్మీ అక్షరాలే తెర మీద చూడాలంటే నోటో సాన్స్ బ్రాహ్మీ ఫాంటు వేసుకోవాలి. అది లేకపోతే వరుసగా ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి.

తర్వాతి కాలపు తెలుగు శాసనాలు కావాలంటే 'సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్' సంపుటాల్లో 4, 5, 6, 10 ముందు తిరగేయండి. పదోది పూర్తిగా తెలుగు శాసనాలదే.

నేల మీద స్తూపం

గూగుల్ ఎర్త్ ప్రో కంప్యూటర్ మీద ఉచితం. 16.575 ఉత్తర అక్షాంశం, 80.358 తూర్పు రేఖాంశం దగ్గరికి వెళ్తే స్తూపం గుండ్రంగా కనిపిస్తుంది. 'రూలర్'లో 'సర్కిల్' ఎంచుకుని, కేంద్రం మీద నొక్కి 25 మీటర్ల వ్యాసార్థం గీయండి. మేధి వ్యాసం దాదాపు 50 మీటర్లు, గీత ఎక్కడ పడుతుందో చూస్తే ఆ కట్టడం ఎంతటిదో కళ్లకు కడుతుంది. గడియారం గుర్తు నొక్కితే పాత ఉపగ్రహ చిత్రాలొస్తాయి. రెండు సంవత్సరాల చిత్రాలు ఒకదానికొకటి కొన్ని మీటర్లు జరిగి ఉండటం సహజం, దాన్ని చూసి స్తూపం జరిగిందనుకోకండి! పైగా ఇప్పుడు కనిపిస్తున్న అంచు తవ్వకాల తర్వాత మరమ్మతు చేసి సర్దినది.

పాత పటాన్ని ఇవాళ్టి నేల మీద కూర్చోబెట్టాలంటే పటాల ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో 'జియోరెఫరెన్సర్' ఉంది. పటంలోనూ నేల మీదా గుర్తుపట్టగల కనీసం ఆరు బిందువులు, పటం నాలుగు వైపులా పరుచుకునేలా పెట్టండి. మొదట 'పాలినోమియల్ 1' తోనే చేయండి. 'థిన్ ప్లేట్ స్ప్లైన్' పెడితే తప్పు సున్నా అని చూపిస్తుంది, అది మోసం. అన్ని బిందువుల దగ్గరా బలవంతంగా అతికించి మధ్యలో మెలితిప్పేస్తుంది.

3డి నమూనా ఎప్పుడు, ఎలా

ఫోటోల నుంచి 3డి నమూనా చేయడానికి మెష్‌రూమ్ ఉచితం, కానీ పూర్తి పని చేయడానికి ఎన్విడియా గ్రాఫిక్ కార్డు కావాలి. రియాలిటీస్కాన్ కూడా విద్యార్థులకు, చిన్న సంస్థలకు ఉచితమే. ముందు అనుమతి సంగతి. పురావస్తు శాఖ రక్షిత స్థలాల్లో ట్రైపాడ్‌కు, డ్రోన్‌కు విడిగా అనుమతి తీసుకోవాలి. పూజలు జరిగే గుళ్లో గర్భాలయం జోలికి పోవద్దు.

మీటరున్నర పలకకు 60 నుంచి 100 ఫోటోలు చాలు. పక్క ఫోటోతో ప్రతి ఫోటో 70 శాతమైనా కలవాలి. జూమ్ కదపొద్దు, ఫ్లాష్ వద్దు. ఒకే చోట నిలబడి కెమెరా తిప్పడం కాదు, అడుగు అడుగుకీ మీరు జరగాలి. నడుం ఎత్తులో ఒక వరుస, తల ఎత్తులో ఒక వరుస, వంగి ఒక వరుస. మబ్బు పట్టిన రోజు మంచిది. ఎండలో తీస్తే మధ్యలో నీడ జరిగి, లేని గాడి ఉన్నట్టు నమూనాలోకి ఎక్కుతుంది.

రాయి పక్కన 20 సెంటీమీటర్ల స్కేలు రెండు చోట్ల పెట్టండి. స్కేలు లేని నమూనాకు కొలతే ఉండదు, అందులో ఏనుగూ ఎలుకా ఒక్కటే. ఒక స్కేలుతో కొలత కుదిర్చి, రెండోదాన్ని క్లౌడ్‌కంపేర్‌లో (3డి నమూనాలు కొలిచే ఉచిత సాఫ్ట్‌వేర్) కొలవండి. 20 సెంటీమీటర్లకు 2 మిల్లీమీటర్ల కన్నా తేడా వస్తే మళ్లీ తీయాలి.

కొన్ని రాళ్లు దీనికి లొంగవు. రామప్ప గుడి చూరు కింది మదనికలు (స్త్రీ విగ్రహాలు) నున్నగా మెరుగుపెట్టిన నల్లరాయివి. మెరుపు మనిషితో పాటు జరుగుతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు రెండు ఫోటోల్లో ఒకే బిందువు దొరకదు, నమూనాలో చిల్లులు పడతాయి. లెన్సుకు పోలరైజింగ్ ఫిల్టరు పెడితే కాస్త నయం. అమరావతి సున్నపురాయి మీద ఇంత బాధ లేదు. లేపాక్షి కప్పు మీది వెలిసిన రంగులకైతే 3డి దండగ. నేరుగా పైకి తీసిన ఫోటోను ఇమేజ్‌జే అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లోని, రంగుల తేడా పెంచి చూపే డీస్ట్రెచ్ ప్లగిన్‌లో వేయండి. ఎరుపులకు వైఆర్‌డీ, నలుపులకు వైబీకే అమరిక బాగా పనిచేస్తుంది. చెరిగిన గీత బయటపడుతుంది, కానీ తెర మీద కనిపించే రంగు అసలు రంగు కాదు. అసలు ఫోటో పక్కన లేకుండా దాన్ని ఎవరికీ చూపించొద్దు.

ఏఐ, హక్కులు

ఫోటో ఎక్కడిదో పట్టుకోవడానికి గూగుల్ లెన్స్ పనికొస్తుంది. అది చెప్పిన ఊరి పేరు కాదు, అది చూపిన పేజీ ముఖ్యం. ఏఐ చాట్‌లను మ్యూజియం సంఖ్యలు అడగొద్దు. చూడటానికి సరిగ్గా ఉండి ఎక్కడా లేని సంఖ్యను నమ్మకంగా చెప్పేస్తాయి. తెలుసుకోవాలంటే సంఖ్యను మ్యూజియం సైట్లో కొట్టి చూడటం తప్ప దారి లేదు. అరిగిన ముఖాన్ని 'స్పష్టం' చేసే ఏఐ పరికరాలైతే మరీ అన్యాయం, రాయి మీద లేని ముక్కూ పెదవులూ గీసిపెడతాయి. అలాంటి ఫోటోను చదువు ఫోల్డర్లోకే రానివ్వకండి.

బ్రిటిష్ మ్యూజియం ఫోటోలు సీసీ బై-ఎన్‌సీ-ఎస్ఏ 4.0 లైసెన్సు కింద ఇస్తుంది. పేరు చెప్పి చదువుకు వాడుకోవచ్చు, అమ్మే పుస్తకానికి విడిగా అనుమతి కావాలి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి, హక్కులు లేని కళాఖండాల చిత్రాలను ఏ షరతూ లేకుండా ఇస్తోంది. వికీమీడియా కామన్స్‌లో ఫైలు ఫైలుకూ షరతు వేరు, పేజీ కింద చూసి రాసుకోవాలి. 1887 నాటి ప్లేట్లకు హక్కుల చిక్కు లేదు.

బొమ్మ కింద రాసే వాక్యం ఇలా ఉంటే తర్వాతివాళ్లు అదే రాయి దగ్గరికి వెళ్లగలరు: మేధి పలక, రెండో ముఖం, అమరావతి మహాస్తూపం, సున్నపురాయి, 3వ శతాబ్దం, బ్రిటిష్ మ్యూజియం, 1880,0709.79, చిత్రం: బ్రిటిష్ మ్యూజియం ట్రస్టీలు, సీసీ బై-ఎన్‌సీ-ఎస్ఏ 4.0, పేజీ చూసిన తేదీ ఫలానా. ఆ తేదీ రాసిన రోజే పేజీ లింకును వేబ్యాక్ మెషీన్‌లో 'సేవ్ పేజ్ నౌ' కింద వేసి, వచ్చిన లింకును పట్టిక చివర ఇంకో గడి చేర్చి అందులో అతికించండి.